రెండు రోజులు ఆగిన బండి

మాది తిరువూరులో ఇనుప సామాన్ల కొట్టు. మేకులు, గడియలు, గునపాలు, పారలు, తోటల చుట్టూ వేసే ముళ్ళతీగ అమ్ముతాం. శనివారం కూడా అమ్ముతాం. కానీ శనివారం ఇనుము కొని ఇంటికి తెచ్చుకోం. ఆ నియమం మా నాయనమ్మది. శనివారం పూట ఇనుము గుమ్మం దాటి లోపలికొస్తే దాని వెనకే శనీశ్వరుడూ వస్తాడని ఆమె నమ్మకం. "మరి మన కొట్లో శనివారం కొనుక్కెళ్ళేవాళ్ళ సంగతో?" అని చిన్నప్పుడు అడిగాను. "వాళ్ళ సంగతి వాళ్ళ నాయనమ్మలు చూసుకుంటారు" అంది. వ్యాపారం చేసే ఇంట్లో పుట్టినదాన్ని కనక ఆ జవాబు నాకు సబబుగానే తోచింది.

నిరుడు నాకు ఒక కారు కావలసి వచ్చింది. మైలవరం దగ్గర ఒక కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం. తిరువూరు నుంచి బస్సులో నిలబడి వెళ్ళడం, అక్కడ నిలబడి పాఠం చెప్పడం, మళ్ళీ నిలబడి ఇంటికి రావడం. ఆర్నెల్లు భరించాను. ఈలోగా డ్రైవింగ్ నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకుని, ఒకరోజు కొట్లో నాన్న ముందు నిలబడ్డాను. నాన్న కాదనలేదు. "కొత్తది కొంటే మొదటి గీత పడ్డ రోజు అన్నం మానేస్తావు. పాతది చూద్దాం. గీతలు ఎవరో ముందే పెట్టి ఉంటారు" అన్నాడు.

నాన్నకు కార్ల గురించి ఏమీ తెలియదు. రేకు గురించి తెలుసు. వేలి కణుపులతో కొట్టి చూస్తే అసలు రేకు ఒకలా మోగుతుంది. ఎక్కడో గుద్దుకుని సొట్ట పడితే లప్పం పూసి పైన రంగేసిన చోట మొద్దుగా పలుకుతుంది. కుండ కొనేటప్పుడు నాయనమ్మ చేసేదీ ఇదే. ఇక నాకు ఫోన్లో వీడియోలు తోడు. పాత కారు అమ్మేవాళ్ళు కొనేవాళ్ళను ఎన్ని రకాలుగా ముంచుతారో చెప్పే వీడియోలు అన్నం తింటూ కూడా చూసేదాన్ని. "ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు గానీ పాత కారు కొని చూడు అనలేదేమే" అని నాయనమ్మ ఎగతాళి చేసేది.

మొదటి కారు బెజవాడలో చూశాం. పాత కార్లు అమ్మే చోట, ఎర్రటిది, అద్దంలా తుడిచిపెట్టారు. నాన్న చుట్టూ తిరిగి కొట్టి చూసి బాగానే మోగుతోందన్నాడు. నేను వీడియోలో చెప్పినట్టు సీటు బెల్టు చివరిదాకా బయటికి లాగాను. అక్కడ అరచేయంత మేర ఎండిన బురద. అంతకు ముందు ఏడాది బెజవాడలో వచ్చిన వరదలో మునిగిన బండి అది. అమ్మేవాడు నా మొహం చూసి, "అది మామూలు దుమ్మండి" అన్నాడు. దుమ్ముకీ బురదకీ తేడా తెలిసేంత చదువు నాకు లేదని అనుకున్నాడో ఏమో. రెండోది మా ఊళ్ళోనే చూశాం. మీటరు చూస్తే చాలా తక్కువ తిరిగినట్టుంది. బ్రేకు పెడల్ మీది రబ్బరు చూస్తే నున్నగా అరిగిపోయి ఉంది. మీటరు వెనక్కి తిప్పేశారు. నలుగురిలో ఆ మాట గట్టిగా అనేసి వచ్చాను.

ఆ రెండు కార్లూ నా బుద్ధిని పాడుచేశాయి. నేను గెలిచానని అనుకున్నాను. ఇద్దరు మోసగాళ్ళను పట్టుకున్నాను, మూడోవాడు ఇంకా దొరకలేదంతే అన్నట్టుండేది నా ధోరణి. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అంటారు. అప్పటికి నా కంటికి కారు అమ్మే ప్రతివాళ్ళూ దొరకబోయే దొంగలే.

మూడో కారు రెడ్డిగూడెంలో ఉంది. మా కొట్లో ముళ్ళతీగ కొనే ఒక మామిడి రైతుది. ఆయనకు చూపు తగ్గింది. చీకటి పడితే ఎదుటి బండ్ల లైట్లు చెదిరి కనిపిస్తున్నాయని, ఇక నడపడం మంచిది కాదనుకుని బండి అమ్మేస్తానని నాన్నతో అన్నాడట. జూన్ చివర, కాయ కోతలన్నీ అయిపోయాక, ఒక శుక్రవారం మా కాలేజీకి సెలవొచ్చింది. వారం సంగతి ఆలోచించకుండా నాన్నా నేనూ బయల్దేరాం.

తోట అంచున పెంకుటిల్లు, పక్కనే రేకుల షెడ్డు, అందులో వెండిరంగు చిన్న కారు. పదకొండేళ్ళ బండి. ఆయన ఒక ఫైలు తెచ్చి చేతిలో పెట్టాడు. సర్వీసు చేయించిన ప్రతి బిల్లూ వరసగా గుచ్చి ఉంది. నాన్న వేలితో కొట్టుకుంటూ చుట్టూ తిరిగాడు. ఎక్కడా మొద్దుగా పలకలేదు. నేను సీటు బెల్టు చివరిదాకా లాగాను. శుభ్రంగా ఉంది. పెడల్ రబ్బరు చూశాను, మీటరులో అంకెకు తగ్గట్టే అరిగింది. తప్పు దొరక్కపోవడం నాకు చికాకు కలిగించింది. నిజం చెప్పాలంటే అప్పుడు నా మనసు అలాగే ఉంది.

ఆయన భార్య మజ్జిగ తెచ్చింది. అరవై దాటిన మనిషి, సన్నగా, చురుగ్గా ఉంది. గ్లాసు నా చేతికిస్తూనే బండి లోపాలు చెప్పడం మొదలుపెట్టింది. "వెనక ఎడంపక్క తలుపు గట్టిగా వెయ్యాలమ్మా, లేకపోతే పడదు. ఏసీ వేసిన కాసేపు ముతక వాసనొస్తుంది, తర్వాత పోతుంది. వానలో వెనక అద్దం తుడిచేది సగమే తుడుస్తుంది."

"అమ్మేటప్పుడు అయ్యన్నీ ఎవరైనా చెప్తారటే?" అని ఆయన నవ్వాడు.

"చెప్పకపోతే రేపు ఆ పిల్ల దారిలో ఇబ్బంది పడదూ?" అంది ఆమె.

నేను మజ్జిగ తాగుతూ, ఈ చిన్న లోపాలన్నీ చెప్పి పెద్దదేదో దాస్తున్నారేమోనని ఆలోచిస్తున్నాను.

బండి నడిపి చూశాను. ఆయన పక్కన కూర్చున్నాడు, నాన్న వెనక. తోటల మధ్య రోడ్డు మీద కారు సాఫీగా పోయింది. గేరు నేను మార్చినప్పుడల్లా ఆయన చెయ్యి తనకు తెలియకుండానే కాస్త కదిలేది. తిరిగొచ్చాక బేరం రెండు మాటల్లో తేలింది. నాన్న అడ్వాన్సు ఇచ్చాడు. ఆయన ఆ నోట్లు భార్య చేతికిచ్చాడు. ఆమె లోపల దేవుడి ముందు పెట్టి వచ్చింది. నేను తాళం కోసం చెయ్యి చాపాను.

"ఈవేళ శుక్రవారం కదా తల్లీ" అంది ఆమె. "శుక్రవారం పూట ఇంట్లో బండిని పంపకూడదు. పదకొండేళ్ళు ఇంట్లో మనిషిలా ఉంది. రేపు పొద్దున్నే వచ్చి తీసుకెళ్ళండి."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "మా అడ్వాన్సు మాత్రం శుక్రవారమే లోపలికెళ్ళింది కదండీ" అన్నాను.

ఆమె ఏమీ అనుకోలేదు. "లక్ష్మి రావచ్చమ్మా, పోకూడదు" అని నవ్వింది.

రేపంటే శనివారం. నాన్న మొహమాటపడుతూ అసలు సంగతి చెప్పాడు. "మా అమ్మ ఒప్పుకోదండి. శనివారం ఇనుము ఇంటికి తెచ్చుకోం." ఆయన పెద్దగా నవ్వాడు. "ఇనుము అమ్ముకునేవాళ్ళు మీరే అలా అంటే ఎట్లా శెట్టిగారూ" అన్నాడు. చివరికి ఆదివారం అనుకున్నాం. వాళ్ళు శుక్రవారం ఇవ్వరు, మేం శనివారం తీసుకోం. అటూ ఇటూ పెద్దవాళ్ళందరూ ఎంతో సంతృప్తిగా తలలూపారు. ఇద్దరికీ చెందని రెండు రోజులు ఆ కారుకు అలా వచ్చాయి.

నా బుర్ర మాత్రం ఊరుకోలేదు. డబ్బిచ్చాం, బండి ఇక్కడే ఉంటుంది. ఈ రెండు రోజుల్లో మంచి టైర్లు తీసి పాతవి వేస్తే? బ్యాటరీ మారిస్తే? ఊళ్ళన్నీ తిప్పేస్తే? వీడియోలో చెప్పినవన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఫోన్ తీసి నాలుగు టైర్లకూ ఫొటోలు తీశాను. బానెట్ ఎత్తించి బ్యాటరీకి తీశాను. ఆయన్ని లోపల కూర్చుని తాళం తిప్పమని చెప్పి, మీటరు వెలిగాక దానికీ ఫొటో తీశాను. అంకె స్పష్టంగా వచ్చిందో లేదో పెద్దది చేసి చూసుకుని, ఆయనకూ చూపించాను.

"ఆదివారం వచ్చేసరికి ఇదే అంకె ఉండాలంకుల్. ఒక్క కిలోమీటరు కూడా తేడా రాకూడదు."

ఆయన "అలాగేనమ్మా, అమ్మేసిన బండి మాకెందుకు" అన్నాడు. ఆమె నా చేతిలో ఫోన్ వంక చూసింది. నాన్న తన చెప్పుల వంక చూసుకుంటున్నాడు.

ఆ తర్వాత ఆమె నన్ను లోపలికి పిలిచింది. ఆడపిల్లవి, శుక్రవారం పూట ఊరికే వెళ్ళకూడదని బొట్టు పెట్టి, ఒక జాకెట్టు ముక్క, తోటలో చివరగా మిగిలిన రెండు మామిడిపళ్ళు చేతిలో పెట్టింది. "కొత్తగా నడుపుతున్నావు, లారీల వెనక పోవద్దు తల్లీ" అంది. ఫొటో తీశాకే ఇదంతా చేసింది. ముందు చేసి ఉంటే నేను ఫొటో తీసేదాన్ని కాదేమోనని చాలాసార్లు అనుకున్నాను. తీసేదాన్నే. నన్ను నేనెరుగుదును.

బస్సులో నాన్న అన్నాడు, "రైతు దగ్గర అలా మాట్లాడకూడదమ్మా. మాటంటే వాళ్ళకి పట్టింపు ఎక్కువ."

"కొట్లో తూకం రెండుసార్లు చూడమని నేర్పింది ఎవరు?" అన్నాను. నాన్న కిటికీ వైపు తిరిగాడు.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. నాయనమ్మ ఒక సంచి సర్ది ఇచ్చింది. కొబ్బరికాయ, నాలుగు నిమ్మకాయలు, పసుపు, కుంకుమ, కారుకు వేయడానికి బంతిపూల దండ. అక్కడి నుంచి నేరుగా నెమలి అనే ఊరు వెళ్ళి వేణుగోపాలస్వామి గుడి ముందు పూజ చేయించి, ఆ తర్వాతే ఇంటికి రావాలని ఆమె హుకుం. ఆటో దిగి తోట వైపు నడుస్తుంటే ఇంటి ముందు చెప్పులు కనిపించాయి. చాలా చెప్పులు. ముందు ఏ శుభకార్యమో అనుకున్నాను. ఏడుపు వినిపించాక నాన్న నా మోచెయ్యి పట్టుకున్నాడు.

ఆమెను వసారాలో పడుకోబెట్టారు. శుక్రవారం నా నుదుట బొట్టు పెట్టిన చేతులు ఛాతీ మీద ఉన్నాయి. ఆయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూశాడు, తల ఊపాడు. గుండెపోటని, నిన్న సాయంత్రం అంబులెన్సులో తీసుకెళ్తుంటే మైలవరం చేరకముందే పోయిందని పక్కనున్నవాళ్ళు చెప్పారు. నాన్న నా చెవి దగ్గర "దండ తియ్యి" అన్నాడు. మొదట అర్థం కాలేదు. కారుకు తెచ్చిన బంతిపూల దండ సంచిలోంచి తీసి ఆమె మీద వేశాను.  షెడ్డులో కారు మేం చూసి వెళ్ళిన చోటే ఉంది. వచ్చినవాళ్ళు నీడ కోసం షెడ్డులోకి వెళ్ళారు గానీ ఎవరూ దానికి ఆనుకోలేదు.

ఇంటికొచ్చి పెరట్లోనే స్నానం చేసి లోపలికి వెళ్ళాం. కొబ్బరికాయ, నిమ్మకాయలు నాయనమ్మ ఇంట్లోకి రానివ్వలేదు. "చావొచ్చిన ఇంటి బండి మనకొద్దు. ఇంకోటి చూసుకోండి" అంది.  నాకు బాధగానే ఉంది. కానీ అది ఎవరికైనా కలిగే బాధే. రెండు పూటలా భోజనం చేశాను, సోమవారం కాలేజీకి వెళ్ళాను. పాఠం చెప్పాను.

దినాలు అయిపోయాక ఆయన ఫోన్ చేశాడు. నాన్నకు కాదు, నాకే చేశాడు. "అమ్మాయీ, మీ బండి ఇక్కడే ఉంది. ఎప్పుడొచ్చి తీసుకెళ్తారు?" అన్నాడు. మీ బండి అన్నాడు. వద్దని ఫోన్లో చెప్పడానికి నోరు రాలేదు. ఆదివారం వస్తానన్నాను, వెళ్ళి మెల్లగా చెప్పొద్దామని.

నాయనమ్మ ఆలోచించి కొంచెం మెత్తబడింది. ఆయన పెద్దమనిషి, ఇచ్చిన మాట తప్పితే మనకూ మంచిది కాదంది. కానీ ఒక షరతు పెట్టింది. "ముందు ఒక్క మాట కనుక్కో. ఆవిణ్ణి ఆ కార్లో ఎక్కించారా? ఒంట్లో బాగోనప్పుడైనా, పోయాకైనా. ఎక్కిస్తే ఒక దణ్ణం పెట్టి వచ్చెయ్. ఎక్కించకపోతే బండికి దోషం అంటదు, తెచ్చుకో."

నేను ఒక్కదాన్నే వెళ్ళాను. ఇల్లు శుభ్రంగా కడిగి ఉంది. ఆయన తనే మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. గడ్డం పెరిగింది, చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు. కాగితాలన్నీ సంతకాలు చేసి సిద్ధంగా ఉంచాడు. ఎలా అడగాలో తెలియక నీళ్ళ గ్లాసు చాలాసేపు పట్టుకున్నాను. ఎక్కించారనే అంటాడని నాకు నమ్మకం. ఒంట్లో బాగోలేని మనిషిని ఇంట్లో కారు పెట్టుకుని ఎవరు మాత్రం ఎక్కించరు? ఎక్కించామంటే నా పని తేలికవుతుంది. నాయనమ్మ మీదకు తోసేసి, దణ్ణం పెట్టి వచ్చేయొచ్చు.

"ఏమీ అనుకోకండంకుల్. మా నాయనమ్మకి పట్టింపులెక్కువ. ఆ రోజు ఆంటీని ఈ కార్లో గానీ తీసుకెళ్ళారా?"

"లేదమ్మా" అన్నాడు. "ఎక్కలేదు."

మళ్ళీ తనే అన్నాడు, "ఎక్కనంది."

 ఆయనే చెప్పాడు, షెడ్డు వైపు చూస్తూ.

"మధ్యాహ్నం భోంచేసి పడుకుంది. మూడింటప్పుడు లేచి గుండెల్లో మంటగా ఉందంది. గ్యాస్ అనుకున్నాం. జీలకర్ర నమిలింది. సోడా తెప్పిస్తే తాగింది. నాలుగింటికి చెమటలు పట్టాయి. బండి తీస్తాను, మైలవరం పోదాం పద అన్నాను. పట్టపగలే కదా, నాకు బాగానే కనిపిస్తుంది. తాళం కూడా తీశాను. వద్దంటే వద్దంది. 'అది అమ్మిన బండి. ఆ పిల్ల మీటరు ఫొటో తీసుకెళ్ళింది. పోనూ రానూ అన్ని కిలోమీటర్లు తిరిగిందంటే రేపొచ్చి చూసి, వీళ్ళేదో మోసం చేశారనుకుంటుంది. చిన్నపిల్ల, మొదటిసారి కొనుక్కుంటోంది. పెద్ద నొప్పేం కాదులే, పొద్దున్నే బస్సుకి పోదాం' అంది. నేను విన్నాను."

పక్క తోటలో ఎవరో మోటారు వేశారు. 

"ఐదున్నరకి ఇక ఆగలేక అంబులెన్సుకి ఫోన్ చేశాను. అప్పటికి నా చేతులు వణుకుతున్నాయి, నడపలేను. అంతేనమ్మా" అని లేచాడు. "రా, మీటరు చూసుకో."

వద్దన్నాను. వినిపించుకోకుండా షెడ్డులోకి వెళ్ళి తలుపు తెరిచి, వంగి తాళం తిప్పాడు. ఆయన మాటలో ఎత్తిపొడుపు లేదు. చెప్పిన మాట నిలబెట్టుకున్నానని చూపించాలనుకున్నాడు, అంతే. అంకెలు వెలిగాయి. నాకు ఫోన్ తీయాల్సిన అవసరం లేదు, ఆ అంకె కంఠతా వచ్చు. ఒక్క కిలోమీటరు కూడా తేడా రాలేదు.

 షెడ్డు స్తంభం పట్టుకున్నాను. ఒక మనిషి నొప్పితో చెమటలు కక్కుతూ నా గురించి ఆలోచించింది. మజ్జిగ ఇచ్చిన మనిషి, లోపాలన్నీ ముందే చెప్పిన మనిషి. ఆమె మాటను నమ్మడానికి నాకు ఆధారం కావలసి వచ్చింది. ఆమె ఆ ఆధారం చెడిపోకుండా కాపాడింది.  ఏడ్చాను. ఆ ఇంట్లో ఏడ్చే హక్కు నాకు లేదని తెలిసీ ఏడ్చాను.

"నా వల్లే అండి" అన్నాను.

ఆయన తాళం వెనక్కి తిప్పి మీటరు ఆర్పాడు. "కాదమ్మా అంటే నువ్వు స్థిమితంగా ఇంటికెళ్తావు" అన్నాడు చివరికి. "అనాలనే ఉంది. నోరు రావడం లేదు."

కారు వద్దని చెప్పడానికి వెళ్ళినదాన్ని, మిగతా డబ్బు అక్కడే ఫోన్లోంచి పంపించి, కారు తీసుకుని వచ్చేశాను. దాన్ని అక్కడ వదిలిపెట్టి రావడం నాకు చేతకాలేదు. దారంతా నెమ్మదిగా నడిపాను. మా ఇంటి ముందు నాయనమ్మ నిలబడి ఉంది. "ఎక్కించారా?" అని అడిగింది. లేదన్నాను. "అయితే దోషం లేదు" అని తృప్తిగా తల ఊపి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. వాటి మీదుగా కారు పోనిచ్చాను.

నాన్నకు ఆ సాయంత్రమే కొట్లో చెప్పాను. ఎవరికో మేకులు తూస్తున్నాడు. విని, తూకం ఆపేసి స్టూలు మీద కూర్చున్నాడు. "నేను ఆపి ఉండాల్సింది. ఆపలేదు" అన్నాడు. మేకుల కోసం వచ్చినాయన ఇద్దరి మొహాలూ చూసి, మళ్ళీ వస్తానని వెళ్ళిపోయాడు. నాయనమ్మకు మాత్రం చెప్పలేదు. చెబితే శుక్రవారం వెళ్ళడమే తప్పంటుంది, లేకపోతే శనివారానిదే అంటుంది. ఏదో ఒక వారం మీద పెట్టి నన్ను ఊరడిస్తుంది. నాకు అలా తప్పించుకోవాలని లేదు.

ఆ తర్వాత రోజూ ఆ కార్లోనే కాలేజీకి వెళ్తున్నాను. మంచి బండి, ఒక్కసారి కూడా మొరాయించలేదు. నవంబర్లో, పత్తి తీతలప్పుడు, ఒక సాయంత్రం మైలవరం బస్టాండు బయట ఆయన కనిపించాడు. చేతిలో గుడ్డ సంచి, కళ్ళకు నల్లద్దాలు. ఆపరేషన్ చేయించుకున్నాడట, డాక్టరుకు చూపించుకుని వస్తున్నాడు. కారు పక్కకు తీసి దిగాను. "నేను దింపుతానండి" అన్నాను. బస్సొస్తుందిలే అన్నాడు. నేను కదల్లేదు. కారు వంక చూశాడు, చుట్టూ చూశాడు, ఎక్కాడు.

నా పక్క సీట్లో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.  తోటలు మొదలయ్యాక అన్నాడు, "పదకొండేళ్ళు తను ఇక్కడే కూర్చుంది. నెమలి వెళ్ళినా, బెజవాడ వెళ్ళినా. ఎప్పుడూ ఆ పక్కన చేలో ఏం వేశారో చెప్తుండేది. నేను రోడ్డు చూసేవాణ్ణి. ఎప్పుడూ తల తిప్పలేదు." తర్వాత దారంతా కిటికీలోంచి బయటికే చూశాడు. నేను వేగం తగ్గించాను.

ఇంటి ముందు ఆపాను. దిగబోయి ఆగాడు.

"ఆ రోజు నేను అనలేకపోయాను కదమ్మా, నీ వల్ల కాదని. దానికోసం నువ్వు చూస్తున్నావని తెలుసు. అది నీ మీద కోపం కాదు. ముందు ఆ మాట నాకు నేను చెప్పుకోవాలి. తాళం నా చేతిలోనే ఉంది. ఎత్తుకుని కూర్చోబెట్టినా సరిపోయేది. పెద్ద బరువేం కాదు ఆ మనిషి."

సంచి తీసుకుని దిగి లోపలికి వెళ్ళాడు. వసారాలో దీపం వెలిగింది. నాకు ఏం అనాలో తోచక బయల్దేరాను. ఇన్ని నెలలు ఆయన నోటి నుంచి ఒక్క మాట రావాలని, వస్తే బతికిపోతానని ఎదురుచూశాను. ఆయనకూ అదే మాట కావాలని, ఆయనకు అది చెప్పేవాళ్ళు ఆ ఇంట్లో ఇక ఎవరూ లేరని నాకు ఒక్కసారీ తట్టలేదు. రెండు మైళ్ళు వచ్చాక రోడ్డు పక్కన కారు ఆపాను. ఆమె కారెక్కనన్నది నా ఫొటో వల్ల, నా కోసం. అందుకే ఆయనతో మీ వల్ల కాదని అనగలిగేది ఈ లోకంలో నేనొక్కదాన్నే. కారు వెనక్కి తిప్పాను.